మొదటి రోజు చీపురు

బెర్నీ ప్రుజిన్‌స్కీ జీవితంలో చేసిన తప్పులన్నీ ఏరి పోస్తే ఒక చిన్న బస్తా నిండుతుంది. అందులో పేట జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఒక్కటే. ఏడేళ్ళ కిందట సెప్టెంబరు చివర్లో, షికాగో బేస్‌బాల్ జట్టుతో మూడాటల సిరీస్ మొదలయ్యే రోజున, ఆమె బస్సు అద్దానికి చీపురు కట్టింది.

అది ఎంత తప్పో మిల్వాకీ దక్షిణపు పేటల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మూడాటలకు మూడూ గెలిస్తే ఎదుటి జట్టును ఊడ్చేశామంటారు. మొదటి రెండూ గెలిచిన తర్వాత, మూడోనాడు, జనం ఇళ్ళలోని చీపుర్లు పట్టుకుని మైదానానికి వస్తారు. మూడోనాడే. మొదటినాడు చీపురు తీయడమంటే ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సంవత్సరం మిల్వాకీ తన విభాగంలో షికాగో కంటే రెండాటలు ముందుంది. మిగిలింది ఆ మూడే. మూడింటిలో ఒక్కటి గెలిస్తే చాలు. మూడూ ఓడిపోయింది. షికాగో వాళ్ళు తర్వాతి పోటీలకు వెళ్ళారు, మిల్వాకీ వాళ్ళు చేపల వేటకు వెళ్ళారు.

కాకి వాలడం, తాటిపండు రాలడం అని బుద్ధున్నవాడు అంటాడు. వాలీ రాట్కే బారులో అలాంటివాళ్ళు లేరు.

ఆ ఊళ్ళో చాలా బార్లకు ఒక బస్సుంటుంది. ఆట రోజున జనం బారులో తిని, తాగి, ఆ బస్సెక్కి మైదానానికి వెళ్తారు, అయిపోయాక అదే బస్సులో తిరిగొచ్చి మళ్ళీ తాగుతారు. వాలీది పాత స్కూలు బస్సు. సిటీ బస్సు ముప్పై ఏళ్ళు నడిపి రిటైరైన బెర్నీ దాన్ని జీతం లేకుండా నడుపుతుంది. బదులుగా శుక్రవారం చేపల వేపుడు, తన స్టూలు, తన బీరు. మైదానంలో మూడో బేస్ వైపు తొమ్మిదో వరుసలో బారు వాళ్ళకు సీజన్ మొత్తానికి ఎనిమిది సీట్లున్నాయి. అందులో ఏడో నంబరు ఆమెది, ఆరు ఆమె భర్త స్టాన్‌ది. టికెట్లన్నీ వాలీ ఫోన్‌లో ఉంటాయి.

చీపురు తర్వాతి ఏడు షికాగో వచ్చినప్పుడు ఎవరో నవ్వుతూ అన్నారు: "బెర్నీ, నువ్వు బస్సులోనే ఉండు, మా ప్రాణాలు దక్కుతాయి." ఆమె కూడా నవ్వింది, బస్సులోనే ఉంది. ఆ రోజు మిల్వాకీ గెలిచింది. అంతే, వేళాకోళం ఆచారమైంది. షికాగోతో ఆట ఉన్న ప్రతిసారీ బెర్నీ జనాన్ని గేటు దగ్గర దింపి, పార్కింగ్‌లో బస్సు ఆపుకుని, రేడియో పెట్టుకుని కూర్చునేది. లోపలి అరుపు ముందు మైదానం పైకప్పు సందుల్లోంచి వినబడేది, దాని అర్థం కాసేపటికి రేడియోలో తెలిసేది.

ఈ ఆట గురించి రాసేవాళ్ళు పచ్చిక వాసన అంటారు, తండ్రీకొడుకులంటారు, కులాసా సాయంత్రాలంటారు, కళ్ళు తుడుచుకుంటారు. అభిమానులంతా ఒక కుటుంబమంటారు. ఆ మాట నిజమే కావచ్చు. ప్రతి కుటుంబంలోనూ వంటగదిలో తినే మనిషి ఒకరుంటారు. నమ్ముకున్న జట్టు ఓడిపోతే తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. ఆటగాళ్ళు కోటీశ్వరులు, చేతికి దొరకరు. జట్టు యజమానులు కంటికే కనబడరు. బస్సు డ్రైవరు దొరుకుతుంది.

స్టాన్ బతికున్నన్నాళ్ళూ ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి రొట్టె మధ్య సాసేజ్, ఆవాల ముద్ద, పుల్లటి క్యాబేజీ పెట్టించుకుని బస్సు దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. మెట్టు మీద నిలబడి ఆమె తినేదాకా కబుర్లు చెప్పేవాడు. తర్వాత చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. ఆరేళ్ళలో ఒక్కసారైనా "పద, లోపలికి పోదాం" అనలేదు. స్టాన్ కూడా నమ్మాడు. ఈ మాట బెర్నీ ఎవరితోనూ అనలేదు, పోయిన చలికాలం అతని సమాధి దగ్గర నిలబడ్డప్పుడు కూడా. అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇంకొకటుంది. ఆమె కూడా నమ్మింది.

ఈ ఏడు మళ్ళీ అదే లెక్క వచ్చింది. మిల్వాకీ రెండాటలు ముందు, మిగిలినవి మూడు, ఎదురుగా షికాగో. గురువారం సాయంత్రం వాలీ బారులో రేపటి సంగతి తప్ప వేరే మాట లేదు. పాచికల డబ్బా ఒక మూల గలగలలాడుతోంది. క్లెమ్ డాంబెక్ జాడీలోంచి ఊరవేసిన గుడ్డు తీసుకుని కొరుకుతున్నాడు. స్టాన్‌కు పినతండ్రి కొడుకు, రిటైరైన పైపుల పనివాడు, ఆ బారులో శకునాల శాస్త్రి. గెలిచిన రోజు వేసుకున్న మేజోళ్ళు ఓడిపోయేదాకా ఉతకడు. మొన్న ఆగస్టులో జట్టు వరసగా గెలిచినప్పుడు అతని పక్కన ఎవరూ కూర్చోలేకపోయారు.

"ఏమంటావ్ బెర్నీ, రేపు ఎలా ఉంటుంది?" అన్నాడు వాలీ.

"ఏడో ఇన్నింగ్స్ దాకా బాగానే ఉంటుంది. తర్వాత పిచర్‌గా హాల్‌బ్రుక్‌ని తెస్తారు. వాడు సోమ, మంగళ, బుధ మూడు రోజులూ బంతి విసిరాడు. నిన్న చివర్లో చెయ్యి కిందికి జారిపోతోంది, చూళ్ళేదా? రేపు వాడి చేతికి బంతిస్తే షికాగో వాళ్ళు స్టాండ్స్‌లోకి కొడతారు."

"చేతుల్లో ఏముంది బెర్నీ," అన్నాడు క్లెమ్, గుడ్డు నములుతూ. "గాలి ఎటు వీస్తోందన్నది ముఖ్యం. నువ్వు బస్సులో ఉంటే గాలి మనవైపు."

"ఈసారి నేను బస్సులో ఉండను."

పాచికల డబ్బా ఆగింది.

"అంటే?" అన్నాడు క్లెమ్.

"అంటే, నా సీట్లో కూర్చుంటా. ఏడో నంబరు. డబ్బు కడుతూనే ఉన్నాగా ప్రతి ఏడూ."

"ఈ ఏడు కాదు. నీకు దణ్ణం పెడతా. కావాలంటే సీజన్ మొదట్లో, ఏప్రిల్లో కూర్చో, ఏప్రిల్లో ఓడినా ఎవడూ చావడు."

"ఏప్రిల్లో షికాగో రాదు."

"స్టాన్ ఉంటే నీకు చెప్పేవాడు."

"స్టాన్ ఉంటే సాసేజ్ తెచ్చేవాడు. ఇప్పుడెవరు తెస్తారు, నువ్వు తెస్తావా? నీ మేజోళ్ళతో నువ్వు మెట్టెక్కితే నేను కిటికీలోంచి దూకాలి."

అందరూ నవ్వారు. క్లెమ్ నవ్వలేదు. ఏడేళ్ళ కిందట ఆ మూడో రాత్రి తను ఇంటికెళ్ళి గ్యారేజీలో కూర్చున్నాననీ, మళ్ళీ అలాంటి రాత్రి తన వయసుకు మంచిది కాదనీ చెప్పాడు. మనిషి సొంత ముచ్చట కన్నా జట్టు పెద్దదన్నాడు. తను గుండె మీద చెయ్యి వేసుకుని మాట్లాడుతున్నానన్నాడు. ఆ చెయ్యి గుండె మీదే ఉంది, వేళ్ళకు గుడ్డు పచ్చసొన అంటి ఉంది.

"వాలీ, నా టికెట్ నా ఫోన్‌కి పంపు," అంది బెర్నీ.

వాలీ గ్లాసు తుడుస్తున్నాడు. అప్పటికే తుడిచిన గ్లాసు. "రేపు చూద్దాంలే. నువ్వు పొద్దున కాస్త ముందురా, బస్సు నిండుతుంది."

వాలీ ఎప్పుడూ మనిషి ముఖంలోకి చూసి మాట్లాడతాడు. ఆ మాట గ్లాసులోకి చూసి అన్నాడు. ఆమెకు అది తర్వాత గుర్తొచ్చింది.

శుక్రవారం ఆట మధ్యాహ్నానికే పెట్టారు. ఊరి పక్క సరస్సు మీది పొగమంచు ఇంకా వీధుల్లోంచి పోకముందే బెర్నీ బారు దగ్గరికొచ్చింది. తలుపు ముందు జనం వరస కట్టి ఉన్నారు. అందరి ఒంటి మీదా నీలం చొక్కాలు, నీలం టోపీలు. షికాగో వాళ్ళు. హైవే మీద గంటన్నర దూరం, ఏటా కార్లు నింపుకుని వస్తారు, ఎవరింట్లో పెళ్ళయినా ముందు వరసలో కూర్చునే రకం. అంతవరకూ కొత్త లేదు. కాని వాళ్ళెప్పుడూ వాలీ బారు ముందు నిలబడలేదు.

వాలీ బయటికొచ్చాడు. "వీళ్ళని తీసుకెళ్ళు. మనవాళ్ళు ఇవాళ రారు, ఇక్కడే టీవీలో చూస్తారు."

"ఎవరెవరు రారు?"

"ఎవరూ."

ఆమె తలుపు సందులోంచి లోపలికి చూసింది. క్లెమ్ తన స్టూలు మీద ఉన్నాడు. మిగిలినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కరూ ఇటు చూడలేదు.

"మన సీట్లు అమ్మేశారా?"

"ఎనిమిదీ. వాళ్ళు ఎంతిస్తామన్నారో తెలిస్తే నువ్వూ అమ్మేదానివి. అందరం కూర్చుని అనుకున్నాం. నీ వంతు నీకిస్తాలే. అయినా నువ్వు ఎలాగూ బస్సులోనే కదా అని…"

"నిన్న క్లెమ్ గుండె మీద చెయ్యి వేసుకుని మాట్లాడాడు."

"వాడికి పోయిన వారమే తెలుసు," అన్నాడు వాలీ. అబద్ధమాడే ఓపిక లేనప్పుడు అతను నిజం చెబుతాడు, అంతవరకు మంచివాడు.

బస్సు వదిలేసి ఇంటికెళ్ళిపోవచ్చు. ఇంకొకరైతే వెళ్ళేవారు, పత్రికల్లో కథైతే తప్పకుండా వెళ్తారు. బెర్నీ వెళ్ళలేదు. అందులో క్షమాగుణమేమీ లేదు. స్టాపులో నిలబడ్డవాణ్ణి ఎక్కించుకోవడం ముప్పై ఏళ్ళ అలవాటు, చొక్కా రంగు చూసి తలుపు మూసే వృత్తి కాదు. ఆమె బస్సెక్కి, తలుపు తెరిచి, రండి అంది.

ఎక్కినవాళ్ళలో ఒకామె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. నలభై దాటి ఉంటుంది, పేరు మారిబెల్ అని పక్కవాళ్ళు పిలుస్తుంటే తెలిసింది. దారిలో ఫోన్ ముందుకు చాపింది.

"మేడమ్, ఈ సీటు బావుంటుందా? తొమ్మిదో వరుస, ఏడు."

బెర్నీ ఎర్ర దీపం దగ్గర బస్సాపి చూసింది. "బావుంటుంది. ఎడమ చేతివైపు కప్పు పెట్టుకునే చోటు విరిగింది, కింద పెట్టకండి, వెనకవాళ్ళు తన్నేస్తారు. మూడో బేస్ దగ్గర జారుతూ వచ్చేవాడి ముఖం కనబడుతుంది."

"మీరు కూర్చున్నారా అక్కడ?"

"కూర్చునేదాన్ని."

మైదానం పార్కింగ్‌లో అప్పటికే పొగ. వేల పొయ్యిల మీద బీరులో ఉడికిన సాసేజ్‌లు కాలుతున్నాయి. జనం దిగడం మొదలుపెట్టారు. అప్పుడు బెర్నీ చెయ్యి సీటు కిందికి పోయింది. చీపురు అక్కడే ఉంది. బస్సు మెట్లు ఊడ్చే పొట్టి చీపురు, పిడికి స్టాన్ మిల్వాకీ పసుపు రంగు వేశాడు. ఏడేళ్ళ కిందట అద్దానికి కట్టింది ఇదే. పారెయ్యమని అందరూ అన్నారు. పారేస్తే మెట్లెవరు ఊడుస్తారని ఆమె ఉంచింది.

ఆమె దాన్ని మారిబెల్ చేతిలో పెట్టింది. "లోపలికి తీసుకెళ్ళండి. పైకి పట్టుకోండి, టీవీ వాళ్ళకి కనబడేలా."

మారిబెల్ చీపురు వైపు చూసి, ఆమె వైపు చూసి, నవ్వింది. ఆమెకూ ఆ ఆచారం తెలుసు, తెలియని అభిమాని ఈ ఆటలో లేడు. "మొదటి రోజే చీపురా? మాకు దిష్టి పెడుతున్నారన్నమాట."

"పెడుతున్నాను," అంది బెర్నీ. దాచాలనిపించలేదు.

"నూరేళ్ళకు పైగా కప్పు గెలవని జట్టును నమ్ముకున్న ఇంట్లో పుట్టాం మేడమ్. మా తాత, మా నాన్న ఎదురుచూస్తూనే పోయారు. ఇంకే శకునానికి భయపడమంటారు? ఇవ్వండి." చీపురు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

బెర్నీ రేడియో పెట్టింది. ఏడేళ్ళు తను మోసినది ఇవాళ ఇంకొకరి భుజం మీద లోపలికి వెళ్ళింది. ఇక చూడాలి. నిజంగా ఆ చీపురులో ఏదైనా ఉంటే ఇవాళ షికాగో మట్టి కరవాలి. తన మీద పడ్డ నింద అప్పుడు నిజమవుతుంది, కానీ జట్టు గెలుస్తుంది. ఆ బేరం ఆమెకు బాగానే తోచింది. అభిమాని అంటే అంతే, తనకు శిక్ష ఖాయమైనా సరే జట్టు గెలిస్తే చాలనుకునే జంతువు.

ఆరు ఇన్నింగ్స్ దాకా మిల్వాకీ రెండు, షికాగో ఒకటి. నాలుగో ఇన్నింగ్స్‌లో రేడియోలో వ్యాఖ్యాత నవ్వుతూ, మూడో బేస్ వైపు నీలం చొక్కా ఆవిడ ఎవరో మొదటి రోజే చీపురు ఊపుతోందని చెప్పాడు. పార్కింగ్‌లో పొయ్యిల దగ్గర మిగిలిన జనం అది విని హోరెత్తించారు. బెర్నీకి చాలాకాలం తర్వాత ఆకలేసింది. సాసేజ్ తెచ్చేవాడు లేడు కనుక సంచిలోంచి చీజ్ ముక్కలు తీసి తింది.

ఏడో ఇన్నింగ్స్‌లో హాల్‌బ్రుక్‌ని తెచ్చారు.

వాడు మొదటి ఇద్దరికీ నాలుగేసి చెడ్డ బంతులు విసిరి ఊరికే బేస్ ఇచ్చేశాడు. మూడోవాడు కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ పోయింది, బేస్‌లన్నీ నిండాయి. నాలుగోవాడు కొట్టిన చప్పుడు రేడియోలో వినబడగానే బెర్నీ కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడుకు వ్యాఖ్యాత అక్కర్లేదు. బంతి స్టాండ్స్‌లో పడింది, నలుగురూ బేస్‌లు చుట్టి వచ్చి నాలుగు పరుగులు చేశారు. షికాగో ఐదు, మిల్వాకీ రెండు. చివరికి అది ఆరు, రెండు అయింది.

లోపల నీలం చొక్కాలు పాడుతుంటే ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చీపురు వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళే గెలిచారు. అంటే దానిలో ఏమీ లేదు. ఎన్నడూ ఏమీ లేదు. ఏడేళ్ళ కిందటి మూడాటలు ఆమె ఒక్కొక్కటే తలుచుకుంది, ఆశ్చర్యమేమంటే ఇన్నాళ్ళలో అలా తలుచుకోవడం అదే మొదలు. మొదటినాడు ఫస్ట్ బేస్‌వాడు చేతిలోకొచ్చిన బంతి వదిలేశాడు. రెండోనాడు అలిసిపోయిన పిచర్‌ని మార్చకుండా మేనేజరు నిద్రపోయాడు. మూడోనాడు షికాగో వాళ్ళు మెరుగ్గా ఆడారు. ఇవన్నీ ఆ మూడు రోజులూ ఆమె కళ్ళారా చూసింది. తప్పు తనదేనని ఏడవడంలో పడి మరిచిపోయింది. ఆరేళ్ళ పాటు సాసేజ్‌లు తెచ్చి, మెట్టు మీద నిలబడి ఆమె తినేదాకా చూసిన ఆ మంచి మనిషి, ఒక ఉత్త చీపురు కోసం ఆమెను బయట కూర్చోబెట్టాడు.

ఓడిపోయినందుకు గుండె మండుతోంది. ఆ మంట పక్కనే ఇంకేదో చల్లగా ఉంది. రెండూ ఒకదాన్నొకటి ఆర్పలేదు.

తిరుగు ప్రయాణంలో మారిబెల్ చీపురు ఇచ్చేసింది. "మీ చీపురు మాకు కలిసొచ్చింది మేడమ్. రేపూ ఇస్తారా?"

"దీంట్లో కలిసొచ్చేదీ లేదు, కలిసిరానిదీ లేదమ్మా. మెట్లు ఊడ్చుకునే చీపురు," అంది బెర్నీ.

బారులో చేపల వేపుడు వాసన, రై రొట్టె, బంగాళదుంప అట్లు, శుక్రవారపు గోల. ఆమె లోపలికి రాగానే గోల తగ్గింది. తన స్టూలు మీద కూర్చుంది. క్లెమ్ ఆ పక్కనే ఉన్నాడు, ముఖం ఎండిన చేపలా ఉంది.

"చూశాం," అన్నాడు. "టీవీలో. పసుపు పిడి. మనవాళ్ళెవరికీ తెలియదనుకున్నావా?"

"ఎవరి చేతిలో ఉంది అది?"

"ఎవరి చేతిలో ఉంటేనేం, చీపురు నీది."

"షికాగో ఆవిడ పట్టుకుంది, షికాగో గెలిచింది. నీ శాస్త్రం ప్రకారం వాళ్ళు ఓడాలి కదా."

క్లెమ్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే. "అది మిల్వాకీ చీపురు. ఎవరు పట్టుకున్నా మనకే తగులుతుంది."

నమ్మకానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ గుళ్ళోనూ చర్చిలోనూ దొరకదు. బెర్నీకి కోపం రాలేదు. ఇన్నేళ్ళూ తను భయపడింది ఈ మనిషికా అని చూసింది.

"నువ్వు టీవీలో చూశావు సరే," అంది. "ఎనిమిది సీట్లలో నీది రెండో నంబరు. అందులో ఎవరున్నారు, కనబడ్డారా?"

ఎవరో పాచికల డబ్బా ఎత్తి, ఊపకుండానే దించారు.

వాలీ చేపల పళ్ళెం తెచ్చి పెట్టాడు. "బెర్నీ, మరోలా అనుకోకు. రేపు, ఎల్లుండి బస్సు నేను నడుపుతాలే. అందరూ అదే అంటున్నారు. ఇవాళ్టి తర్వాత…"

"నడుపుకో. రెండో గేరు దగ్గర పట్టేస్తుంది, తిట్టకు, నెమ్మదిగా వెయ్యి. రేపటి టికెట్లు?"

"అమ్మేశాను."

"ఆదివారానివి?"

"రేపు మనం ఓడితే ఆదివారం ఆటే అన్నీ తేలుస్తుంది, అప్పుడు ధర…" వాలీ ఆగాడు. "లేదు. ఇంకా అమ్మలేదు."

"ఏడో నంబరు నాకు పంపు. ఇప్పుడే. నా ఎదురుగా."

వాలీ ఈసారి ఆమె ముఖంలోకి చూశాడు. తడి చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. ఆమె కోటు జేబులో ఫోన్ చిన్నగా కూసింది. ఆమె తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుని, చేప మీద నిమ్మకాయ పిండింది.

"లోపల కూర్చుంటావా?" అన్నాడు క్లెమ్. "ఆదివారమా? ఇక మన గతేం కాను?"

"రేపు ఓడిపోతాం. రేపటి పిచర్‌కి భుజం నొప్పి, వారం నుంచి దాస్తున్నాడు. ఆదివారం నాకు తెలీదు. ఆ రోజు విసిరే ఎడమచేతివాడు మంచివాడు, కానీ ఎనిమిదో ఇన్నింగ్స్‌కి మనకు మనిషి లేడు." ఆమె చేప ముక్క విరిచింది. "ఓడినా లోపలుండి చూస్తా."

క్లెమ్ తన గ్లాసు తీసుకుని ఒక స్టూలు అవతలికి జరిగాడు. ఖాళీ అయిన స్టూలు మీద బెర్నీ తన కోటు పెట్టుకుంది.